చెరొక పేరు

రాజీ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పార్టీలు పంతాలు మాని కలిసి పనిచేస్తే ప్రజలకు మేలని టీవీలో ఎవరైనా నెమ్మదిగా చెబుతుంటే లేచి కట్టేస్తాను. అందుకే వార్తల వేళ మా ఇంట్లో రిమోట్ నా చేతికి ఇవ్వరు. పార్టీలు కలవడం నేను కళ్లారా చూశాను. మా వాకిట్లో, మా కుర్చీల్లో కూర్చుని, మా అమ్మ పెట్టిన చాయ్ తాగుతూ కలిశాయి. అవి కలిసిన పుణ్యాన మా అన్నకు చేతికందిన ఉద్యోగం పోయింది.

మెదక్‌లో మా ఇల్లు చర్చి వెనక గల్లీలో. నాయిన రాళ్ల మీద పేర్లు చెక్కేవాడు. బడి మూడో తరగతితోనే మానేసిన మనిషి, ఒత్తుల దగ్గర తడబడేవాడు. అందుకని నేను డిగ్రీలో ఉన్నప్పటి నుంచే రాయి మీద పెన్సిలుతో అక్షరాలు గీసిపెట్టేదాన్ని. ఆ గీతల వెంట ఆయన ఉలి నడిచేది. ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాక కూడా సాయంత్రం బ్యాగు పక్కన పడేసి రాయి ముందు కూర్చునేదాన్ని.

మాకు వచ్చే రాళ్లు రెండు రకాలు. ఒకటి సమాధి రాళ్లు, చర్చి వాళ్లవి. రెండోవి శంకుస్థాపన రాళ్లు, లీడర్లవి. చచ్చిపోయినవాళ్లతో ఏ పేచీ ఉండదు. ఒక పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, అంతే. లీడర్ల రాయి అలా కాదు. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, అధ్యక్షత వహించినవారు, ఆఖర్న సభకు వచ్చి నిలబడ్డవారు. ఎవరి పేరు ఎవరి కింద వచ్చినా మా ఇంటి ముందు జీపు ఆగేది.

నాయినకు ఒక నియమం ఉండేది. కాగితం లేనిదే ఉలి ముట్టడు. ఆయన కుర్రతనంలో ఎవరో నోటితో చెప్పిన తేదీ నమ్మి సమాధి రాయి చెక్కాడట. తీరా అది తప్పు తేదీ. పలక మీద రాసింది తుడుచుకోవచ్చు, రాయి మీద చెక్కింది తుడవలేం. ఆ ఇంటివాళ్ల ఏడుపు చూసినప్పటి నుంచి, చర్చి అయ్యగారు సంతకం పెట్టిన కాగితం వస్తేనే పని మొదలు. లీడర్లకూ అదే పద్ధతి. "నోటిమాట మీద నేను చెక్కనయ్యా, కాగితం తెండ్రి" అనేవాడు. ఆ మాటకు ఎమ్మార్వో ఆఫీసువాళ్లు కూడా నవ్వుకుంటూనే కాగితం పంపించేవాళ్లు.

ఆ నియమాన్ని జన్మలో ఒక్కసారే తప్పాడు.

అవి ఊళ్లోకి కొత్తగా కేబుల్ టీవీ వచ్చిన రోజులు. గల్లీకో ఎస్టీడీ బూతు, ఇంటికో కూల్‌డ్రింకు సీసా. నీళ్లు మాత్రం రావు. మా వార్డుకు మంచినీళ్ల ట్యాంకు కట్టిస్తామని అప్పుడు అధికారంలో ఉన్న పార్టీ ఎన్నికలకు ముందు హడావుడిగా శంకుస్థాపన చేసింది. ఆ పార్టీకి మా వార్డులో ఒక లీడరు ఉండేవాడు. అన్న ఆయన వెంట తిరిగేవాడు కాబట్టి ఇంట్లో మేమంతా "మా లీడరు" అనేవాళ్లం. ఇప్పటికీ అలవాటుగా అదే మాట వస్తుంది, నా నోటికి సిగ్గు లేదు. రెండో పార్టీవాడు "అవతలి లీడరు". ఇద్దరూ ఎదురుపడితే ఒకరు రోడ్డు మారేవాళ్లు. ఒకరు పెళ్లికి పోతే రెండోవాళ్లు ఆ పెళ్లి భోజనం ముట్టేవాళ్లు కాదు.

అన్నకు పార్టీ పిచ్చి. లీడరు ఏమీ ఇవ్వలేదు, అన్న ఏమీ అడగలేదు. జీపు వెనక నిలబడి జెండా పట్టుకోవడమే వాడికి సంబరం. దాంతోపాటు కానిస్టేబుల్ సెలక్షన్‌కు తయారయ్యేవాడు. రోజూ పొద్దున్నే నర్సాపూర్ రోడ్డు మీద పరుగు. పరుగు పరీక్ష గట్టెక్కాడు, రాత పరీక్ష రాశాడు. వాడికి యూనిఫాం వస్తే ఎలా ఉంటాడో అమ్మ అప్పుడే ఊహించుకుని, బంధువులకు చెప్పుకుని మురిసిపోయేది. మా ఇంట్లో నెల జీతం తెచ్చే మొదటి సర్కారు ఉద్యోగి వాడే అయ్యేవాడు.

ఎన్నికల్లో మా లీడరు పార్టీ ఓడింది. అధికారం అవతలికి పోయింది.

మా ఊళ్లో అధికారం మారిందని పేపరు చూసి తెలుసుకోనక్కర్లేదు. పాత పార్టీవాళ్ల పేర్లున్న రాళ్లు పగిలితే మారినట్టే. ఒక ఆదివారం ప్రార్థన ముగిసి జనం చర్చి నుంచి బయటికి వస్తుంటే, ట్యాంకు స్థలంలో సమ్మెట దెబ్బలు వినిపించాయి. అవతలి లీడరు మనుషులు శంకుస్థాపన రాయి పగలగొడుతున్నారు. అన్న చర్చి బట్టల్లోనే పరుగెత్తాడు. మేం వెళ్లేసరికి వాడు రాయికి అడ్డం నిలబడి ఉన్నాడు.

"గిది మా నాయిన చెక్కిన రాయి. కొట్టనియ్య," అని అరుస్తున్నాడు.

పార్టీ మాట ఎత్తలేదు, నాయిన మాటే ఎత్తాడు. ఈ సంగతి నేను కోర్టులో చెబుదామనుకున్నాను. నన్ను ఎవరూ అడగలేదు.

మా లీడరు మేనల్లుడు ఇరవై మందిని వేసుకుని వచ్చాడు. వాడు వచ్చాకే గొడవ పెద్దదైంది. రాళ్లు లేచాయి, సోడా సీసాలు లేచాయి. అన్న కనుబొమ్మ చీలింది. మధ్యలో సమ్మెట పడి రాయి రెండు ముక్కలైంది. రెండు వైపులవాళ్లూ ఒకే దవఖానలో కట్లు కట్టించుకుని, ఒకరి మీద ఒకరు కేసులు పెట్టుకున్నారు. రాయి సర్కారు సొమ్ము కాబట్టి దానికి విడిగా ఒక కేసు.

ఆ తర్వాత కొన్నాళ్లకే కానిస్టేబుల్ లిస్టు వచ్చింది. అన్న పేరు ఉంది. అమ్మ వీధంతా చక్కెర పంచింది. అన్న మాత్రం మంచం అంచున కూర్చుని ఒకటే మాట అన్నాడు.

"చెల్లే, ఎంక్వయిరీకి వస్తరు. మీద కేసుందా అని అడుగుతరు."

అప్పటి నుంచి మా ఇంట్లో వేరే మాట లేదు. అన్న పేరు ఆ కేసుల్లోంచి బయటికి రావాలి.

సరిగ్గా అప్పుడే ఇద్దరు లీడర్లకూ ఒకరితో ఒకరికి అవసరం పడింది. అవతలి లీడరుకు అధికారం వచ్చింది కానీ వార్డులో పని నడవాలంటే మా లీడరు మనుషులు అడ్డం పడకూడదు. మా లీడరుకు అధికారం పోయింది కానీ ట్యాంకు కాంట్రాక్టు తన బావమరిదికే రావాలి. ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. ట్యాంకు కడదాం, కొత్త రాయి వేద్దాం, రాయి మీద ఇద్దరి పేర్లూ పెడదాం. ఒకరి ఇంటికి ఇంకొకరు పోతే పరువు తక్కువ కాబట్టి, కలవడానికి రాయి చెక్కేవాడి వాకిలి కుదిరింది.

మధ్యాహ్నం రెండు జీపులు వచ్చాయి. నిన్నటిదాకా ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు పక్కపక్కన కూర్చుని, చాయ్‌లో చక్కెర ఎక్కువైందా తక్కువైందా అని ఒకరినొకరు అడిగారు. అన్న కనుబొమ్మ మీద గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఇద్దరిలో ఒక్కరూ అటు చూడలేదు.

పేర్ల దగ్గర గంటన్నర పట్టింది. ఒకరి పేరు పైన ఒకరిది కింద అంటే కుదరదు. పక్కపక్కన పెట్టాలి. మరి ఎడమ వైపు ఎవరిది? ఎడమ మా లీడరుకు ఇచ్చి, కుడి వైపు పేరుకు ముందు "గౌరవనీయులు" చేర్చుదామన్నారు. అది చేర్చితే మా లీడరు పేరు పొట్టిగా కనిపిస్తుంది. ఆయన మనిషి ఒకడు జేబులోంచి టేపు తీసి నేను నమూనాగా గీసిన అక్షరాలు కొలవడం మొదలుపెట్టాడు.

"మేడం, మా సారు పేరు జర సాగదీయుండ్రి. రెండు సమానం రావాలె," అన్నాడు.

"అక్షరం సాగదు, రబ్బరు కాదు," అన్నాను. మా లీడరు పెద్దమనిషిలా నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు కూడా ఏదైనా తీసుకుని విసరాలనిపిస్తుంది.

లీడర్లు లేవబోతుంటే నాయిన అడ్డం వచ్చి నిలబడ్డాడు. ఆయన ఎవరికీ అడ్డం నిలబడగా నేను అంతకుముందు చూడలేదు.

"సారూ, రాయి చెక్కుత. కానీ మా పోరని పేరు కేసులల్ల లేదని కాగితం ఇయ్యుండ్రి. ఆ కాగితం చూసినంకనే ఉలి పడ్త."

మా లీడరు నాయిన భుజం మీద చెయ్యి వేశాడు. "ఏందే గిట్ల మాట్లాడ్తవ్? నీ కొడుకు నా కొడుకు గాదా? శుక్రారం శంకుస్థాపన ఉన్నది, మంత్రిగారు వస్తుండు. సోమారం కోర్టుల రాజీ అయితది. రాయి ముందు, కాగితం ఎనుక."

అవతలి లీడరు కూడా తల ఊపాడు. "మేమిద్దరం ఒక్కటైనంక ఇగ కేసేడిది? బేఫికర్ ఉండు."

నాయిన నా వైపు చూశాడు. నేను ఏమీ అనలేదు. ఆ మౌనం నాది, ఎవరి మీదికీ నెట్టను. చదువుకున్నదాన్ని, కాగితం ఇచ్చేదాకా గీయనని నేనే పెన్సిల్ కింద పెట్టాల్సింది. మూడు రోజులు కూర్చుని రెండు పేర్లూ సమానంగా గీశాను. నాయిన తన నియమం తప్పి, నోటిమాట మీద చెక్కాడు. అక్షరాల్లో బంగారు రంగు కూడా నింపాడు.

శుక్రవారం మంత్రి వచ్చి తెర లాగాడు. ఇద్దరు లీడర్లూ ఒకే దండలో తలలు దూర్చి ఫొటో దిగారు. సోమవారం కోర్టులో రాజీ అయింది. కొట్లాట కేసులు రెండూ పోయాయి. మేనల్లుడి పేరు పోయింది, సమ్మెట పట్టినవాడి పేరు పోయింది, సీసాలు విసిరినవాళ్ల పేర్లన్నీ పోయాయి.

రాయి కేసు మాత్రం పోలేదు. సర్కారు సొమ్ము పగలగొట్టిన కేసు ఇద్దరు మనుషులు చేతులు కలిపితే పోదట. అందులో ఎవరో ఒకరి పేరు ఉండి తీరాలి. లీడర్లు దానికీ రాజీ పద్ధతే వాడారు. చెరొక పేరు ఇచ్చుకున్నారు. అవతలి లీడరు తన వెంట తిరిగే ఒక పేద పిల్లవాడి పేరు ఇచ్చాడు. మా లీడరు మా అన్న పేరు ఇచ్చాడు.

రాయికి అడ్డం నిలబడినవాడి మీద రాయి పగలగొట్టాడని కేసు.

నేను బడి నుంచి అటే మా లీడరు ఇంటికి పోయాను. ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు. కూర్చోమన్నాడు, కూర్చోలేదు.

"అన్న పేరు ఎందుకిచ్చిండ్రు సారూ? పగలగొట్టినోళ్లు ఎవరో మీకు ఎరుక లేదా?"

"ఎరుకే బిడ్డా. గందుకే ఇచ్చిన. చెక్కినోని కొడుకే రాయి పగలగొట్టిండంటే ఏ జడ్జి నమ్ముతడు? ఉత్తగనే కొట్టేస్తడు. వేరేటోని పేరిస్తే శిక్ష పడ్తది. తెలివి ఉండాలె."

"అది కొట్టేసేదాకా ఉద్యోగం ఆగుతదా?"

ఆయన పేపరు మడిచాడు. "పార్టీ అన్నంక ఎవరో ఒకరు ఓర్చుకోవాలె. నీ అన్న అసల్ కార్యకర్త. వాడు అర్థం చేసుకుంటడు, నువ్వే లొల్లి చేస్తున్నవ్."

అవతలి లీడరు దగ్గరికీ పోయాను. మీవాడి పేరు మీవాళ్లే ఇచ్చారు, మా వైపు నుంచి మేం ఇవ్వలేదు కదా అన్నాడు. అది నిజమే. ఆయన గేటు దాటాక రోడ్డు మీద నిలబడి ఏడ్చాను. దుఃఖంతో కాదు, కోపంతో.

ఎంక్వయిరీ వచ్చింది. కేసు ఉందని రాసుకుని పోయారు. అన్న స్థానంలో లిస్టులో తర్వాతివాడు శిక్షణకు వెళ్లాడు. ఆ రోజు నాయిన తన ఉలి, సుత్తి కడిగి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. నెల రోజులు కిందికి దించలేదు. తర్వాత దించాడు కానీ సమాధి రాళ్లకే. లీడర్ల రాయి మళ్లీ ముట్టలేదు. అన్నతో ముఖాముఖి మాట్లాడటం కూడా దాదాపు మానేశాడు. ఏదైనా చెప్పాలంటే నాతో చెప్పించేవాడు. "వాన్ని తినమను" అనేవాడు, అన్న పక్కనే ఉన్నా.

కేసు ఆరేళ్లు నడిచింది. వాయిదా ఉన్నప్పుడల్లా అన్న, అవతలి పార్టీ పిల్లవాడు కోర్టు ముందు ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. అతడు దుబాయి పోవాల్సినవాడు. కేసు వల్ల పాస్‌పోర్టు ఆగి ఇక్కడే ట్రాలీ ఆటో నడుపుకున్నాడు. మొదట్లో ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. ఆరేళ్లలో ఎవరు ముందు చాయ్ ఇప్పించారో నాకు తెలియదు. కేసు కొట్టేసేనాటికి ఒకరి పిల్లలు ఇంకొకరిని మామా అని పిలిచేదాకా వచ్చారు. సాక్ష్యం లేదని జడ్జి మూడు నిమిషాల్లో కొట్టేశాడు. మా లీడరు చెప్పినట్టే అయింది. అప్పటికి అన్నకు ఉద్యోగం వయసు దాటింది.

అన్న నాయిన పక్కన కూర్చుని ఉలి పట్టాడు.

తర్వాత ప్రత్యేక రాష్ట్రం ఉద్యమం వచ్చింది. బంద్‌లు, రాస్తారోకోలు, రోడ్డు మీదే వంటలు. నేను నమ్మి పోయాను. స్కూలు పిల్లలకు సెలవిచ్చి, టీచర్లమంతా టెంటులో కూర్చున్నాం. ఒకరోజు నా ఎదురు వరసలో మా లీడరు, అవతలి లీడరు పక్కపక్కన దండలు వేసుకుని దీక్షలో కనిపించారు. నేను లేచి వచ్చేయలేదు. రాష్ట్రం వాళ్ల జాగీరు కాదు కదా అనుకుని కూర్చున్నాను. రాష్ట్రం వచ్చిన రోజు నేనూ సంతోషపడ్డాను, అబద్ధం చెప్పను. కానీ చౌరస్తాలో వాళ్లిద్దరూ ఒకరి చెంపలకు ఒకరు గులాల్ పూసుకుంటుంటే నోట్లో ఉన్న లడ్డూ ఉమ్మేశాను.

ఆ ఏడాదే నాయిన పోయాడు. ఆయన సమాధి రాయి అన్న చెక్కాడు, అక్షరాలు నేను గీశాను. గీయబోతుంటే అన్న నా చెయ్యి ఆపాడు. చర్చికి పోయి, అయ్యగారితో సంతకం పెట్టించి కాగితం తెచ్చాడు. తన తండ్రి పేరు, తేదీలు తనకు తెలియక కాదు. ఆ కాగితాన్ని ముందు పెట్టుకున్నాకే ఉలి పట్టాడు.

బావమరిది కట్టిన ట్యాంకు ఏళ్ల తరబడి కారింది, కొత్త పైపులైను వచ్చాక దాన్ని కూల్చేశారు. రెండు పేర్ల రాయిని మట్టితో పాటు మోరీ పక్కన మురుగులో పారేశారు. అన్న, ఆ ట్రాలీ ఆటో మిత్రుడు కలిసి దాన్ని ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చారు. వెనక భాగం నున్నగా ఉంది, ఇంకో సమాధి రాయికి పనికొస్తుందని అన్న ఆలోచన. అమ్మ ఒప్పుకోలేదు. పెరట్లో నల్లా కింద బట్టలు ఉతకడానికి వేయించింది. అక్షరాలు పైకి ఉండాలని పట్టుబట్టి వేయించింది.

కొత్త రాష్ట్రంలో మా లీడరు కొత్త పార్టీలో చేరాడు. అధికారం ఎటుంటే ఆయన అటే. అవతలి లీడరు అంతకు నెల ముందే అందులో చేరి ఉన్నాడు. ఒకరోజు మా లీడరు మా ఇంటికి వచ్చాడు. కమ్యూనిటీ హాలుకు రాయి కావాలట. హైదరాబాద్‌లో కంప్యూటరు మీద కోసిస్తారు కానీ ఊరివాళ్ల చేతిపని అయితే జనంలో మంచి పేరు వస్తుందని ఎవరో చెప్పారట. ముసలివాడయ్యాడు. అన్న లేచి కుర్చీ వేశాడు. ఆయన అన్నను ఎగాదిగా చూశాడు. కనుబొమ్మ మీద ఆ చీలిక మచ్చ అలాగే ఉంది.

"నీ పేరేంది తమ్మీ?" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. అన్న ముఖంలోకి చూడలేకపోయాను. వాడు తన పేరు చెప్పాడు, అంతే. లీడరు ఆ పేరు విని "మంచిగున్నది" అన్నాడు.

చాయ్ తాగాక చెయ్యి కడుక్కుంటానని పెరట్లోకి వచ్చాడు. అమ్మ అక్కడ అన్న చొక్కా ఉతుకుతోంది. నీళ్లు పోస్తుంటే నురగ కారిపోయి అక్షరాలు తేలాయి. బంగారు రంగు ఎప్పుడో పోయింది, ఎడమ వైపు పేరు మాత్రం చదవగలిగేలా ఉంది. ఆయన తన పేరు తాను చదువుకున్నాడు.

"గిదేంది? సర్కారు రాయి గిక్కడున్నదేంది? గిది మీ ఇంట్ల పెట్టుకుంటే కేసయితది, ఎరుకేనా?"

అమ్మ తల ఎత్తలేదు. తడి చొక్కా రెండు చేతులా ఎత్తి ఆ పేరు మీద బలంగా ఒక్కటి వేసింది. ఆయన తెల్ల పంచె మీద సబ్బు నీళ్లు పడ్డాయి.

"పెట్టు సారూ. అప్పుడు నా కొడుకు పేరిచ్చినవ్. గీసారి నా పేరియ్యి."

ఆయన వెనక్కి తిరిగి వాకిట్లోకి పోయాడు. అక్కడ అన్న ఉలి, సుత్తి గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రాయి సంగతి ఏమంటావని అడిగితే, లీడర్ల రాళ్లు మా నాయిన మానేశాడు, నేనూ చెక్కను అన్నాడు. జీపు వెళ్లిపోయాక అమ్మ ఆ చొక్కా పిండి దండెం మీద వేసింది.